'కొడ్తారె' అంటే కొట్టడం కాదు: బెంగళూరు సర్కారు బడుల్లో తెలుగు పిల్లలు

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే బెంగళూరు సర్కారు బడిలో టీచరు పిల్లలతో అనే మాట ఇది: 'మొట్టె కొడ్తారె, సాలల్లి నిల్లి.' గుడ్డు ఇస్తారు, వరసలో నిలబడండి అని అర్థం. కదిరి నుంచి వారం కిందట వచ్చిన ఏడేళ్ల పాప చెవికి అందేది మాత్రం 'మొట్టడం', 'కొట్టడం'. వరసలో చివరికి జారుకుంటుంది. పళ్లెం పట్టుకుని ముందుకొచ్చాక వడ్డించే అక్క 'సాకా?' అంటుంది. 'ఇక చాలా?' అని అడిగిందని పాపకు తెలియదు. పెద్దవాళ్లు ఏదో అడిగారు కదా అని తల ఊపుతుంది. గరిటె పక్క పిల్లాడి పళ్లెంలోకి వెళ్లిపోతుంది.

కేంద్ర నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు తలకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె లెక్కగట్టి వండాలి. కర్ణాటకలో దీనికి తోడు 2013 నుంచి క్షీరభాగ్య పథకం కింద పాలు పోస్తున్నారు. 2024 నుంచి వారానికి ఆరు రోజులూ గుడ్డు ఇస్తున్నారు, తిననివాళ్లకు అరటిపండో చిక్కీయో పెడతారు. ఇంత ఏర్పాటు ఉన్నచోట కూడా ఒక్క 'సాకా'కు తల ఊపినందుకు పిల్ల అర్ధాకలితో లేస్తోంది. ఇది వంటగది తప్పు కాదు, టీచరు తప్పూ కాదు. ఆ పిల్లకు కన్నడం రాదన్న సంగతి అక్కడెవరికీ తట్టకపోవడమే అసలు లోపం.

ఒడియా పిల్లవాడో, హిందీ పిల్లవాడో బడికి వస్తే వాడికి భాష రాదని మొదటి రోజే తేలిపోతుంది. టీచరు సైగలు చేస్తుంది, పక్కన ఇంకొకరిని కూర్చోబెడుతుంది. తెలుగు పిల్లల చిక్కు అలా పైకి తేలదు. కన్నడం, తెలుగు అక్కచెల్లెళ్లని అందరికీ తెలుసు. కర్ణాటకలోనే ఉన్న కోలారు, చింతామణి, బాగేపల్లి, పావగడ వైపు ఇళ్లలో తెలుగు మాట్లాడుతూనే పిల్లలు కన్నడ మీడియంలో చక్కగా చదువుకుంటారు. అందుకే 'తెలుగు పిల్లలేగా, నెలలో వాళ్లే పట్టుకుంటారు' అనే ధీమా బడుల్లో ఉంటుంది. కోలారు పిల్లలు పుట్టినప్పటి నుంచీ సంతలో, బస్సులో, టీవీలో కన్నడం వింటూ పెరుగుతారు. అనంతపురం, ఆదోని వైపు నుంచి వచ్చి బెంగళూరులో వర్తూరు, హూడి, సర్జాపుర రోడ్డు వైపు భవనాలు కట్టే సైట్ల దగ్గర కూలీల షెడ్లలో ఉండే పిల్లలకు ఆ విన్నది లేదు. షెడ్డులో చుట్టూ తెలుగే. కన్నడం వాళ్లకు బడిలోనే మొదలవుతుంది.

ఈ ధీమాను పెంచేది లిపి. కర్ణాటకలో నలి-కలి అనే బోధన పద్ధతి 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె తాలూకాలో మొదలై, 2009-10లో రాష్ట్రమంతటికీ విస్తరించింది. అందులో అక్షరాలను వర్ణమాల వరసలో నేర్పరు. మొదటి గుంపు ర, గ, స, ద, అ. రెండో గుంపు జ, వ, మ, బ, న. ఒకసారి ఈ పది అక్షరాలనూ తెలుగు, కన్నడ లిపుల్లో పక్కపక్కన రాసి చూడండి. తలకట్టు తేడా తప్పిస్తే దాదాపు ఒకటే రూపాలు. ఊళ్లో రెండో తరగతి చదివి వచ్చిన పిల్లవాడు ఈ రెండు గుంపులనూ నాలుగు రోజుల్లో దాటేస్తాడు. టీచరు 'జాణ' (తెలివైనవాడు) అని మెచ్చుకుని పై మెట్టు ఎక్కిస్తుంది. అక్కడి నుంచి జారుడు మొదలవుతుంది. క, త, శ దగ్గర రూపాలు మారిపోతాయి. కి, కె, కొ లకు దీర్ఘం కావాలంటే తెలుగులో గుర్తు రూపమే మారుతుంది. కన్నడంలో అదే గుర్తుకు కుడిపక్కన వేరే దీర్ఘం తగిలిస్తారు. తెలుగు అలవాటున్న కన్ను ఆ తగిలింపును చూడకుండా దాటిపోతుంది. 'బేడ'ను 'బెడ' అనీ, 'కేళు'ను 'కెళు' అనీ చదువుతారు. ఇవన్నీ సరిచేయడం నిజానికి తేలికే, వారం పని. అసలు ఇబ్బంది ఏమిటంటే, గొంతెత్తి గడగడా చదివే పిల్లవాడికి చదివినదాంట్లో ఒక్క ముక్కా అర్థం కావడం లేదని ఎవరూ అనుకోరు.

దీన్ని కనిపెట్టడానికి రెండు నిమిషాలు చాలు. 'హుడుగ మర హత్తిద' అని బోర్డు మీద రాసి, చదివించి, బోర్డు తుడిచేసి, చదివినదానికి బొమ్మ గీయమనండి. పిల్లవాడు చెట్టెక్కాడని అర్థం. కన్నడం తెలిసిన పిల్ల చెట్టు గీస్తుంది. తెలుగు పిల్లకు 'మర' అంటే పిండిమర. 'హత్తు' అంటే పది అని నిన్ననే నేర్పారు. కాగితం ఖాళీగా ఉంటుంది, లేదా అంకెలు కనిపిస్తాయి. నోటు పుస్తకంలో ముత్యాల్లాంటి దస్తూరి చూసి మార్కులు వేసే టీచర్లు ఈ చిన్న పరీక్ష ఒక్కసారి పెడితే చాలా సంగతులు బయటపడతాయి.

లెక్కల్లో దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కూడడం రెండు భాషల్లోనూ కూడడమే. తీసివేతకు కన్నడంలో 'కళె' అంటారు. 'హత్తరల్లి నాల్కు కళెదరె ఎష్టు?' అంటే పదిలో నాలుగు తీసేస్తే ఎంత అని. తెలుగు చెవికి అది 'కలిపితే' అన్నట్టు తోస్తుంది. పిల్లవాడు 14 అని రాస్తాడు. టీచరు ఎర్ర పెన్నుతో కొట్టేసి, వీడికి తీసివేతలు రావని రిజిస్టరులో రాసుకుంటుంది. వాడికి తీసివేతలు వచ్చు, 'కళె'యే రాదు. అలాగే కన్నడంలో 'ఒంబత్తు' 9, 'తొంబత్తు' 90. 'తొం' అనగానే తెలుగు పిల్లల మనసులోకి తొమ్మిదే వస్తుంది. నోటిలెక్కల్లో ఇలాంటి తప్పులు వరసగా నాలుగు పడితే పిల్లవాడు చెయ్యెత్తడం మానేస్తాడు. పిల్లల తప్పులు ఎన్ని అని లెక్కపెట్టేముందు ఏ మాట దగ్గర తప్పుతున్నారో చూడాలి. తప్పులన్నీ ఒకటి రెండు మాటల దగ్గరే వస్తుంటే ఆ లోపం గణితానిది కానే కాదు.

రెండు భాషలూ దగ్గరివి కావడం వల్ల ఇన్ని చిక్కులు వచ్చినా, బయటపడే దారి కూడా ఆ దగ్గరితనంలోనే ఉంది. ఆరు వారాలు పట్టుగా చేస్తే సరిపోతుంది. మొదటి వారం పుస్తకం తెరవనవసరం లేదు. బా (రా), హోగు (వెళ్లు), కూతుకో (కూర్చో), నిల్లు (నిలబడు), నోడు (చూడు), కేళు (విను), హేళు (చెప్పు), ఓదు (చదువు), బరె (రాయి), తెగె (తెరువు), ముచ్చు (మూయి), ఎణిసు (లెక్కపెట్టు), బేకు (కావాలి), బేడ (వద్దు), సాకు (చాలు), కొడు (ఇవ్వు) లాంటి ఓ పాతిక ముప్పై మాటలు చేతలతో ఆడిస్తూ నేర్పాలి. వీటిలో 'కొడు', 'సాకు' మొదటి రోజే తెలియాలి. రెండో వారంలో పిల్లలకు ఒక కిటుకు చెప్పాలి. మన 'ప' వాళ్లకు చాలాచోట్ల 'హ' అవుతుంది: పాలు హాలు, పండు హణ్ణు, పులి హులి, పాము హావు, పువ్వు హూవు, పంది హంది, పేరు హెసరు, పల్లె హళ్ళి, పది హత్తు. ఈ కిటుకు దొరికిందంటే పిల్లలు వదలరు, కనిపించిన ప్రతి మాటకూ తగిలించి చూస్తారు. కొన్నిచోట్ల బెడిసికొడుతుంది, ఫరవాలేదు. మూడో వారానికి లెక్కల మాటలు, ఆ తర్వాత క, త, శ, దీర్ఘాలు. చివరి రెండు వారాలు బొమ్మ గీయించే పరీక్ష రోజుకొకటి.

ఇదంతా ఎవరు చేయాలి? కొత్త పోస్టులు అడగనవసరం లేదు. చిక్కబళ్ళాపుర, కోలారు జిల్లాల నుంచి వచ్చి బెంగళూరులో పనిచేసే టీచర్లలో తెలుగు వచ్చినవాళ్లు కొల్లలు. క్లస్టరుకు, అంటే దగ్గర దగ్గరగా ఉన్న కొన్ని బడుల గుంపుకు, ఒకరిని గుర్తించి రోజుకు ముప్పావు గంట ఈ పనికి కేటాయిస్తే చాలు. అదీ కుదరకపోతే అయిదో తరగతి తెలుగు పిల్లల్ని జతచేయవచ్చు. జతచేయడమంటే ఎదురుగా నిలబెట్టి అనువాదం చేయించడం కాదు. ప్రతి వాక్యాన్నీ తెలుగులోకి మార్చి చెప్పే తోడు దొరికితే చిన్నపిల్ల కన్నడం వినడమే మానేస్తుంది. ఆ తప్పు చాలాచోట్ల జరుగుతోంది. ముందు కన్నడంలో చెప్పాలి, చేసి చూపాలి, అప్పటికీ అందకపోతే తెలుగు మాట అందించాలి.

విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలని చెబుతోంది. దాన్ని పట్టుకుని బెంగళూరులో తెలుగు మీడియం బడులు పెంచాలని అడిగేవారున్నారు. వాళ్ల తపన అర్థమవుతుంది. అయినా షెడ్లలో ఉండే పిల్లలకు అది పనికొచ్చే దారి కాదు. ఒక అపార్ట్‌మెంటు పని పూర్తికాగానే మేస్త్రీతో పాటు కుటుంబం పది కిలోమీటర్ల అవతలికి మారుతుంది. వాళ్లకు కావలసింది నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న బడి. అది కన్నడ బడే అవుతుంది, కన్నడం రావడం ఆ పిల్లలకు బతుకుతెరువు కూడా. ఆ బడిలోకి దిగడానికి తెలుగును మెట్టుగా వాడమనే అడుగుతున్నాం.

ఇక చేరిక దగ్గర కాగితాలు. టి.సి. తేలేదని బడిలో చేర్చుకోకపోవడానికి వీల్లేదు, విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ఆ సంగతి స్పష్టంగా చెబుతుంది. వయసు ధ్రువపత్రం లేదని తిప్పి పంపకూడదు, అది 14వ సెక్షన్. విద్యా సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి, అది 15వది. హెడ్మాస్టర్లలో చాలామందికి ఇవి తెలుసు. వాళ్ల చేతులు కట్టేస్తున్నది కంప్యూటరు. దేశంలోని బడుల వివరాలుండే కేంద్ర ఆన్‌లైన్ వ్యవస్థ యూడైస్ ప్లస్‌లో పాత బడి పిల్లవాడి పేరును వదిలి, బడి మారేవాళ్ల జాబితా అయిన డ్రాప్‌బాక్సులోకి పంపితే తప్ప కొత్త బడి వాడిని పెన్ నంబరుతో (విద్యార్థికిచ్చే శాశ్వత నంబరు) తన జాబితాలోకి లాక్కోలేదు. ఆ వదలడం జరగక పిల్లలు నెలల తరబడి తరగతిలో కూర్చుంటారు గానీ లెక్కలో ఉండరు. లెక్కలో లేని పిల్లలకు పుస్తకాలు, యూనిఫాం వచ్చే దారి కష్టం.

పాత బడి ఎందుకు వదలదు? కొన్నిసార్లు తల్లిదండ్రులే వద్దంటారు. ఈ మాట చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో అమ్మఒడి మొదలైంది, 2025 నుంచి తల్లికి వందనం నడుస్తోంది. ఏడాదికి పిల్లకు 15,000 రూపాయల పథకం. బడి నిర్వహణకు 2,000 పోను 13,000 తల్లి ఖాతాలో పడతాయి. పేరు ఊరి బడిలోంచి తీసేస్తే ఆ డబ్బు పోతుంది. దినకూలీ కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు, వాళ్లను తప్పుపట్టలేం. కానీ పేరు ఊళ్లో, పిల్ల బెంగళూరులో ఉంటే రెండుచోట్లా చదువు జరగదు. పథకానికి 75 శాతం హాజరు కావాలన్న నిబంధన ఉంది కాబట్టి ఊరిలో హాజరు సరిగా వేస్తే ఆ డబ్బూ చివరికి నిలవదు. రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ కూర్చుని, వలస వెళ్లిన పిల్ల పక్క రాష్ట్రం సర్కారు బడిలో వేయించుకున్న హాజరును కూడా లెక్కలోకి తీసుకుంటే ఈ ముడి విడిపోతుంది. ఆధార్, పెన్ రెండూ ఉన్న రోజుల్లో అది అసాధ్యమేమీ కాదు.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు. మన రికార్డుల్లో ఇంటిపేరు ముందుంటుంది. కర్ణాటకలో పేరు తర్వాత తండ్రి పేరులోని మొదటి అక్షరం వేస్తారు. ఆధార్‌లో ఒకలా, టి.సి.లో ఒకలా, ఇక్కడి స్యాట్స్‌లో (కర్ణాటక విద్యార్థుల ఆన్‌లైన్ రికార్డు) మరోలా పడితే పదో తరగతి దాకా ఆ తేడా వెంటాడుతుంది. చేర్చేరోజే ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టుగా, అక్షరం మారకుండా రాయించుకోవడం ఒక్కటే మందు.

బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలని చట్టం చెబుతోంది. షెడ్ల నుంచి ఒక్క తెలుగు తల్లి అయినా అందులో ఉంటే 'సాకా' సంగతి నెలలోపే బయటికొచ్చేది. సమావేశం పనిరోజు పదకొండు గంటలకు పెడితే ఏ కూలీ తల్లీ రాలేదు, ఆ పూట కూలి పోతుంది. శనివారం సాయంత్రం బట్వాడా అయ్యాక షెడ్ల దగ్గరే అరగంట కూర్చుంటే వస్తారు.

సంక్రాంతి సంగతి కూడా బడి ముందే చూసుకోవాలి. ఆంధ్రలో సంక్రాంతికి బడులకు వారానికి పైగా సెలవులు, ఇక్కడ ఆ పండక్కి ఒక్క రోజే. కుటుంబాలు జనవరి రెండో వారంలో ఊరెళ్లి నెలాఖరుకు గానీ తిరిగిరావు. పిల్లలకు గైర్హాజరు పడుతుంది, వచ్చేసరికి తరగతి రెండు పాఠాలు ముందుకెళ్లిపోయి ఉంటుంది. ఏటా వచ్చేదే కాబట్టి, వెళ్లేముందు చేతికి పది రోజుల పని కాగితం ఇచ్చి, వచ్చాక వారంపాటు ఆ ముప్పావు గంట తరగతి మళ్లీ పెట్టుకోవచ్చు. ఏప్రిల్ రెండో వారంలో బడి మూసేటప్పుడు మాత్రం ఒక పని మరవకూడదు. నలి-కలిలో పిల్ల ఏ మెట్టు మీద ఉందో, పెన్ నంబరు, స్యాట్స్ నంబరు ఒక కాగితం మీద రాసి, దాన్ని అక్కడికక్కడే తండ్రి ఫోనులో ఫోటో తీయించాలి. జూన్‌లో ఆ కుటుంబం హూడిలో ఉంటుందో, హెబ్బాళలో ఉంటుందో వాళ్లకే తెలియదు.