నీడ లేని నడిబొడ్డు

అమెరికా ఎడారి నగరాలు దశాబ్దాలుగా అంచులవైపే పాకాయి. అరిజోనా రాష్ట్ర రాజధాని ఫీనిక్స్ ఇందులో ముందుంది. చవక భూమి, కారు, ఏసీ ఉంటే చాలనుకున్నారు. నడిబొడ్డున మిగిలినవి ఆఫీసులు, పొద్దుగూకితే ఖాళీ అయ్యే పార్కింగ్ స్థలాలు. ఈ పరుగుకు చివరికి నీరే కళ్లెం వేసింది. కొత్త లేఅవుట్ వేయాలంటే 100 ఏళ్లకు సరిపడా నీళ్లు చూపాలన్నది అరిజోనా 1980లో తెచ్చిన భూగర్భజల చట్టం. ఫీనిక్స్ ప్రాంతంలో భూమిలో అంత నీరు లేదని 2023 జూన్‌లో తేలడంతో, కేవలం భూగర్భజలాన్ని నమ్ముకున్న కొత్త లేఅవుట్లకు అనుమతులు ఆపేశారు. పాత అనుమతుల జోలికి వెళ్లలేదు. అమ్మకుండా అద్దెకిచ్చే ఇళ్ల కాలనీలైతే ఆ నిబంధన కిందికే రాలేదు. కన్నాల్లేని చట్టం ఎక్కడుంది గనుక!

ఇక నగరం లోపలికి పెరగాల్సిందే. లాస్‌వేగాస్ ఫౌంటెన్లు చూసి ముక్కున వేలేసుకునేవారు గమనించాల్సింది వేరే ఉంది. అక్కడ ఇళ్లలో వాడిన నీరు దాదాపు అంతా శుద్ధయి, ఆ ఊరికి నీళ్లిచ్చే కొలరాడో నది జలాశయం మీడ్ సరస్సుకు తిరిగి చేరుతుంది. పచ్చికకు పెట్టిన నీరే తిరిగిరాదు. రోడ్ల పక్కన, వాణిజ్య సముదాయాల ముందు అలంకారానికి పెంచే పచ్చికకు 2026 తర్వాత కొలరాడో నది నీరు పెట్టరాదని లాస్‌వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రం 2021లో చట్టం చేసింది అందుకే. ఈ లెక్కన ఊరి చివర పెరటి ఇంటికన్నా నడిబొడ్డు అపార్ట్‌మెంటే మేలు.

ఫీనిక్స్ నడిబొడ్డుకు 2006లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ప్రాంగణం, 2008లో లైట్ రైలు వచ్చాయి. వాటి వెంట టవర్లు లేచాయి. సంతోషమే. కానీ రైలు దిగిన మనిషి ఎలా నడవాలి? వేసవి మధ్యాహ్నం అక్కడి తారు రోడ్డు 70 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. తూలి పడిన వృద్ధులు లేచేలోపే ఒళ్లు కాలి ఆసుపత్రి పాలవుతున్నారు. సిగ్నల్ దగ్గర ఆగినవారు స్తంభం నీడలో ఒదిగి నిలబడుతున్నారు. 2023లో వరుసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. వరుసగా 16 రాత్రులు 32 కిందికి దిగలేదు. పగలు తాగిన వేడిని కాంక్రీటు రాత్రి కక్కుతుంది మరి. ఆ ఏడాది ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో వేడి 645 మందిని బలిగొంది. 2030 కల్లా నగరంలో 25 శాతం చెట్ల నీడ ఉండాలని 2010లోనే రాసుకున్న ప్రణాళిక, ఆ దరిదాపులకైనా చేరలేదు.

ఇది డబ్బు లేక కాదు. నడిబొడ్డున కట్టే భవనాన్ని నగరపాలిక పేర రాసి, తిరిగి లీజుకు తీసుకుంటే 8 ఏళ్లపాటు పన్ను మినహాయింపు ఇచ్చే వెసులుబాటు అరిజోనా చట్టంలో ఉంది. వదులుకునేది ప్రజల సొమ్ము. షరతులూ ప్రజలవే కావాలి. భవనం ముందు కాలిబాట పొడవునా నీడ, ఆ మినహాయింపు నడిచినన్నాళ్లూ చెట్లు బతికించే పూచీ, సామాన్యుడు అద్దె కట్టగల కొన్ని ఇళ్లు లీజు పత్రంలోనే రాయించుకోవాలి. వీటికి ఒప్పుకోని బిల్డర్ అందరిలాగే పన్ను కట్టి కట్టుకోవచ్చు.