పదిహేను నిమిషాల్లో విడాకుల జోస్యం: ఆ 94 శాతం కథలో నిజమెంత?

ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. వాట్సాప్‌లో, రీల్స్‌లో, పెళ్లిళ్ల గురించి మాట్లాడే పాడ్‌కాస్టుల్లో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. సారాంశం ఇది: అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే సైకాలజిస్టు ఉన్నాడు, ఆలుమగలు పదిహేను నిమిషాలు మాట్లాడుకోవడం చూస్తే చాలు, విడిపోతారో లేదో 94 శాతం కచ్చితంగా ముందే చెప్పేస్తాడు, దానికి నాలుగు గుర్తులు కనిపెట్టాడు (మనిషినే తప్పుపట్టడం, ఈసడింపు, ఏదన్నా తన తప్పు కాదని వాదించడం, ఉలుకూ పలుకూ లేకుండా బిగుసుకుపోవడం), అన్నిటికంటే ప్రమాదం ఈసడింపు, కాబట్టి మీరు మాట్లాడుతుంటే అవతలి మనిషి కళ్లు తిప్పితే మీ కాపురం అయిపోయినట్టే. కొన్ని మెసేజ్‌లకి ఇంకో తోక కూడా ఉంటుంది: ఒక చేదు మాటకి ఐదు మంచి మాటలు పడితే సేఫ్ అని.

గాట్‌మన్ నిజంగానే ఉన్నాడు, ఆయన పని చిన్నది కాదు. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చాలాకాలం ప్రొఫెసర్. 1970లలోనే తోటి సైకాలజిస్టు రాబర్ట్ లెవెన్సన్‌తో కలిసి దంపతుల్ని ల్యాబ్‌కి పిలిచి, ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒంటికి వైర్లు తగిలించి గుండె వేగం, చెమట కొలుస్తూ, వాళ్ల మధ్య ఎప్పుడూ తెగని ఒక గొడవ గురించి మాట్లాడమని వీడియో తీశారు. ప్రశ్నాపత్రం ఇచ్చి "మీరు సుఖంగా ఉన్నారా" అని అడగడంతో సరిపెట్టుకుంటున్న రంగంలో అది పెద్ద అడుగు. ఆ గౌరవం నాకుంది. కానీ మెసేజ్‌లో చెప్పే ముక్కల్లో ఒక్కటి కూడా ఉన్నది ఉన్నట్టుగా నిలబడదు. వరసగా చూద్దాం.

"పదిహేను నిమిషాలు చూసి 94 శాతం"

ఇక్కడ రెండు వేరువేరు అధ్యయనాల్ని కలిపేశారు. 94 శాతం అన్న అంకె 1992లో బ్యూల్‌మన్, గాట్‌మన్, కాట్జ్ రాసిన రీసెర్చ్ పేపర్లోది. అందులో 52 జంటలు. వాళ్లని గొడవ పడమనలేదు. మీరెలా కలిశారు, పెళ్లెలా అయింది, మొదటి ఏడాది ఎలా గడిచింది, గడ్డు రోజులు ఎలా దాటారు అని కూర్చోబెట్టి కథ చెప్పించుకున్నారు. ఆ కథ చెప్పే తీరులో ఆప్యాయత ఉందా, "మేము" అంటున్నారా "నేను" అంటున్నారా, ఈ పెళ్లితో విసిగిపోయినట్టు ధ్వనిస్తోందా అన్నవి మార్కులేశారు. పదిహేను నిమిషాల గొడవ సంగతి వేరే. కొత్త జంటల మీద 1998లో వచ్చిన పేపర్లో ఆ పద్ధతి వాడారు, అక్కడ విడాకుల అంచనా 83 శాతం. మెసేజ్ ఏం చేసిందంటే ఒకదాని నుంచి టైము తీసుకుంది, ఇంకోదాని నుంచి అంకె తీసుకుంది.

పైగా "చూసి చెప్పేస్తాడు" అన్న మాటే తప్పు. ఒక మనిషి కూర్చుని చూసి తేల్చింది కాదు అది. ట్రైనింగ్ తీసుకున్నవాళ్లు ఆ వీడియోని వెనక్కీ ముందుకీ తిప్పుతూ, ముఖంలో కండరాల కదలిక, గొంతు, మాట, అన్నీ క్షణాల లెక్కన కోడ్ చేస్తే (అంటే ఒక్కోదానికీ ఒక గుర్తు వేసి రాస్తే), ఆ కోడ్‌ల మీద కంప్యూటర్లో గణాంకాలు నడిపారు. ఊరికే చూసి చెప్పగలమా అన్నది కూడా ఎవరో కాదు, గాట్‌మన్ సహచరుడు లెవెన్సనే 2003లో ఎబ్లింగ్‌తో కలిసి పరీక్షించాడు. దంపతుల మూడేసి నిమిషాల వీడియోలు చూపించి, వీళ్లలో ఎవరు విడిపోయారో చెప్పమన్నారు. చెప్పాల్సినవాళ్లలో మ్యారేజ్ కౌన్సెలర్లు ఉన్నారు, ఈ రంగంలోనే పనిచేసే పరిశోధకులు ఉన్నారు, మామూలు జనం ఉన్నారు. మొత్తం మీద బొమ్మా బొరుసా వేసి చెప్పినదానికంటే కాస్తంతే మెరుగు. రీల్ చూసి పక్కింటి జంట భవిష్యత్తు తేల్చేసేవాళ్లు ఈ ఒక్క ప్రయోగం గురించైనా తెలుసుకోవాలి.

"ముందే చెప్పాడు"

అసలు కీలకం ఇక్కడుంది, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

ముందే చెప్పడం అంటే మనకి అర్థమయ్యేది ఏంటి? ఈ జంట విడిపోతుంది, ఆ జంట ఉంటుంది అని ఇవాళ కాగితం మీద రాసి కవర్లో పెట్టి, కొన్నేళ్ల తర్వాత కవరు విప్పి చూడటం. ఈ పేపర్లలో జరిగింది అది కాదు. మొదట వీడియోలు గానీ ఇంటర్వ్యూలు గానీ తీసుకున్నారు, కొన్నేళ్లు ఆగారు, ఎవరు విడిపోయారో తెలుసుకున్నారు, ఆ తర్వాత పాత కొలతల్లో ఏవి కలిపితే విడిపోయినవాళ్లని ఉన్నవాళ్లని బాగా వేరుచేయగలమో కంప్యూటర్‌తో వెతికించారు. దొరికిన సమీకరణం అదే జంటల్ని ఎంత బాగా వేరుచేస్తే అంత శాతం. ఓట్ల లెక్కింపు అయ్యాక ఎగ్జిట్ పోల్ రాసినట్టు. జంటలు తక్కువ, కొలతలు ఎక్కువ ఉన్నప్పుడు ఇలా వెతికితే ఎప్పుడూ ఏదో ఒకటి బ్రహ్మాండంగా కుదురుతుంది, ఎందుకంటే ఆ గుంపులో కాకతాళీయంగా ఉన్న పోలికల్ని కూడా సమీకరణం మింగేస్తుంది. కొత్త గుంపు మీద పెడితే ఆ కాకతాళీయాలు ఉండవు, అంకె కూలుతుంది.

ఇది నా ఊహ కాదు. 2001లో రిచర్డ్ హేమన్, ఏమీ స్లెప్ ఇదే పని చేసి చూపించారు. ఒక పెద్ద సర్వేలోని జంటల్ని రెండు సగాలు చేశారు, మొదటి సగం మీద విడాకుల సమీకరణం తయారు చేశారు, అంకెలు కళ్లు చెదిరేలా వచ్చాయి, అదే సమీకరణాన్ని మార్చకుండా రెండో సగం మీద పెట్టారు. విడిపోతారని అది చెప్పినవాళ్లలో నిజంగా విడిపోయినవాళ్ల వాటా దారుణంగా పడిపోయింది. కొత్త గుంపు మీద సరిచూడకుండా విడాకుల జోస్యాన్ని ప్రచురించడం ప్రమాదం అన్నది ఆ పేపర్ పేరులోనే ఉంది.

1998 పేపర్లో ఇంకో సంగతి. విడిపోయిన 17 జంటల్ని, అందరికంటే సుఖంగా ఉన్న 20 జంటల్ని, కలిసే ఉన్నా అందరికంటే అసంతృప్తిగా ఉన్న 20 జంటల్ని తీసుకుని పోల్చారు. మధ్యలో ఉన్నవాళ్లని, అంటే ఒకరోజు నవ్వుకుని ఒకరోజు అలిగే మనలాంటి మామూలు జంటల్ని పక్కనపెట్టారు. రెండు కొసలనీ పక్కపక్కన నిలబెడితే తేడా కనిపించకుండా ఎలా ఉంటుంది? తర్వాత 2007లో కిమ్, కపాల్డి, క్రాస్బీ ఆ సూత్రాల్నే ఒరెగాన్‌లోని 85 యువజంటల మీద పరీక్షిస్తే, అవి అక్కడ పనిచేయలేదు.

సమర్థించేవాళ్లు ఒక మాట అంటారు, న్యాయంగా అది కూడా చెప్పాలి: గాట్‌మన్ ఒక్క అధ్యయనంతో ఆగలేదు, వరసగా చాలా చేశాడు, ప్రతిసారీ అంకె ఎక్కువే వచ్చింది అని. నిజమే, ఇంటర్వ్యూ పద్ధతిని 2000లో 95 కొత్త జంటల మీద మళ్లీ చేస్తే 87 శాతం, కొన్నేళ్లు గడిచాక 81 శాతం వచ్చింది. దాన్నిబట్టి ఆ కథ చెప్పే తీరులో ఏదో సంగతి ఉందనే నేనూ నమ్ముతాను. కానీ గుంపు మారినప్పుడల్లా సమీకరణాన్ని మళ్లీ ఆ గుంపుకి సరిపోయేలా కుట్టుకుంటే, ఎన్నిసార్లు చేసినా అది కవర్లో పెట్టిన జోస్యం అవ్వదు.

"94 శాతం అంటే దాదాపు తప్పే లేనట్టు"

ఒక లెక్క చూడండి. అంకెలు నేను వివరించడానికి అనుకున్నవి. వెయ్యి కొత్త జంటలు, నాలుగైదేళ్లలో వాళ్లలో 50 జంటలు విడిపోయాయి అనుకుందాం. నేను ఏ వీడియో చూడకుండా, ఎవర్నీ కలవకుండా "ఎవరూ విడిపోరు" అంటే నా జోస్యం 95 శాతం కరెక్ట్! ఇప్పుడు రెండు వైపులా 90 శాతం కచ్చితంగా చెప్పే పరీక్ష ఉందనుకోండి. విడిపోయే 50లో 45ని పట్టుకుంటుంది, బాగుంది. కానీ కలిసి ఉండే 950లో 95 జంటలకి కూడా "మీరు విడిపోతారు" అని చెబుతుంది. అంటే ఆ చెడువార్త విన్న 140 జంటల్లో 95 జంటలు నిక్షేపంగా ఉండేవాళ్లే. విడాకులు తక్కువగా ఉన్న చోట ఈ తప్పు ఇంకా పెరుగుతుంది.

"కళ్లు తిప్పితే కాపురం అయిపోయినట్టే"

నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. మా పిన్ని కూతురు, కొత్తగా పెళ్లయిన పిల్ల, ఫోన్ చేసి "అక్కా, నేను మా ఆఫీసు సంగతులు చెబుతుంటే ఆయన పైకి చూసి ఊఁ అంటాడు, అది ఈసడింపేనా, ఆ నాలుగో గుర్తు కూడా ఉంది మా ఇద్దరికీ" అని అడిగింది. గొంతులో నిజంగా టెన్షన్. ఆ అబ్బాయి రాత్రి షిఫ్టు చేసి వచ్చి కూర్చున్నాడన్న సంగతి ఆ రీల్ చేసినవాడికి తెలియదు కదా.

ఈసడింపు మంచిదని నేననడం లేదు. మనిషిని పురుగులా చూడటం బాధపెడుతుంది, దానికి పరిశోధన కూడా అక్కర్లేదు. ప్రశ్న ఏంటంటే, మాటతీరు చెడ్డం వల్ల కాపురం చెడుతుందా, కాపురంలో ఏదో చెడ్డం వల్ల మాటతీరు చెడుతుందా? 2016లో లావ్నర్, కార్నీ, బ్రాడ్‌బరీ దీన్ని నేరుగా పరీక్షించారు. లాస్ ఏంజెలెస్‌లోని తక్కువ ఆదాయాల పేటల్లో 431 కొత్త జంటల ఇళ్లకే వెళ్లి, విడతలు విడతలుగా వాళ్ల సంభాషణలు రికార్డు చేశారు. మాటతీరుని బట్టి తర్వాతి సంతృప్తి మారడం కొన్నిసార్లే కనిపించింది, సంతృప్తిని బట్టి తర్వాతి మాటతీరు మారడం అంతకంటే ఎక్కువసార్లు కనిపించింది. రెండు దారులూ బలహీనంగానే ఉన్నాయి. మరి సంతృప్తి దేన్నిబట్టి మారుతుంది? 1995లో కార్నీ, బ్రాడ్‌బరీ 115 దీర్ఘకాల అధ్యయనాల్ని సమీక్షించి ప్రతిపాదించిన నమూనాలో బయటి ఒత్తిళ్లకి పెద్ద చోటుంది. డబ్బు ఇబ్బంది, ఉద్యోగం పోవడం, జబ్బు, ఇలాంటివి. వీటిని లెక్కలోకి తీసుకోకుండా కళ్ల కదలిక మీద తీర్పు చెప్పడం మనుషులకి అన్యాయం చేయడమే.

"ఒక చెడుకి ఐదు మంచి"

ఇది త్వరగా తేల్చేయొచ్చు. స్థిరంగా ఉన్న జంటలు ల్యాబ్‌లో గొడవ గురించి మాట్లాడుతున్నప్పుడు కనిపించిన సగటు అది. మోతాదు కాదు, మందుచీటీ అంతకన్నా కాదు. తిట్టి, వేళ్లు లెక్కపెట్టుకుంటూ ఐదు పొగడ్తలు చెబితే తిట్టు రద్దవుతుందని ఏ పేపరూ నిరూపించలేదు.

"ఇది సైన్సు, అందరికీ ఒకటే"

ఆ తొలి అధ్యయనాల జంటలు ఎక్కువగా అమెరికాలోని తెల్లవాళ్లు, తమ ఇంట్లో తామిద్దరే నిర్ణయాలు తీసుకునేవాళ్లు. పడకపోతే విడాకులకి దారి ఉన్నవాళ్లు. మన దగ్గర "విడాకులు తీసుకున్నారా" అన్న కొలతే వేరే అర్థం ఇస్తుంది. 2011 జనాభా లెక్కల్లో విడాకులు తీసుకున్నవాళ్లు సుమారు 13.6 లక్షలు, పెళ్లైన జనాభాలో 0.24 శాతం. కోర్టుకెళ్లకుండా ఊరికే విడిగా బతుకుతున్నవాళ్లు దాదాపు దానికి మూడింతలు. పుట్టింటికొచ్చి ఏళ్ల తరబడి ఉండిపోయిన ఆడపిల్లలు ప్రతి ఊళ్లో కనిపిస్తారు, విడాకుల లెక్కలో వాళ్లు లేరు. ఇక కలిసి ఉన్నవాళ్లు బాగున్నారనీ కాదు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18 నుంచి 49 ఏళ్ల వివాహిత మహిళల్లో దాదాపు 29 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నామని చెప్పారు. "విడిపోరు" అన్న జోస్యం ఆ ఇంట్లో నిజమే అవుతుంది. అది ఎవరికి శుభవార్త?

అన్నీ అమెరికా సంగతులే, మనకి పనికిరావు అని తోసేయడం కూడా తప్పే. ఒకరు వెంటపడి అడగడం, ఇంకొకరు తప్పించుకుని నోరు మూసుకోవడం అనే వరస అమెరికాతో పాటు బ్రెజిల్, ఇటలీ, తైవాన్ జంటల్లో కూడా ఉందని క్రిస్టెన్సన్ బృందం 2006లో చూపించింది. ఏది దాటొచ్చింది, ఏది రాలేదు అన్నది ఒక్కోటీ విడిగా పరీక్షించాలి. మన జంటల మీద అంత జాగ్రత్తగా, ఏళ్ల తరబడి చేసిన పని ఇంకా రావాలి, రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

"అందుకే పెళ్లికి ముందే టెస్ట్ చేయించుకోండి"

ఈమధ్య మెసేజ్ చివర లింకు కూడా ఉంటోంది. ఈ మాటకి ఎదురుగా రెండు అధ్యయనాలు పెడతాను. 2017లో సమాంతా జోయెల్, ఈస్ట్‌విక్, ఫింకెల్ స్పీడ్ డేటింగ్‌కి (కొద్ది నిమిషాల చొప్పున ఒకరి తర్వాత ఒకర్ని కలిసే కార్యక్రమం) వచ్చినవాళ్ల నుంచి ముందే వందకి పైగా లక్షణాలు, ఇష్టాయిష్టాలు రాయించుకుని, వాటిలో ఏవి పనికొస్తాయో కంప్యూటర్‌తో (మెషీన్ లెర్నింగ్ పద్ధతిలో) వెతికారు. ఎవరు మొత్తం మీద ఎక్కువమందికి నచ్చుతారో కొంత చెప్పగలిగారు, ఫలానా ఇద్దరికి ఒకరంటే ఒకరికి ప్రత్యేకంగా కుదురుతుందా అన్నది మాత్రం చెప్పలేకపోయారు. 2020లో అదే జోయెల్ నాయకత్వంలో 43 అధ్యయనాల డేటా కలిపి, 11,196 జంటల మీద లెక్కలు వేశారు. బంధం ఎలా ఉందో ఆ సమయంలో వివరించడంలో, మనిషి స్వభావం కంటే ఆ బంధం గురించి ఆ మనిషికి ఉన్న అనుభూతే ఎక్కువ పనికొచ్చింది: అవతలి మనిషి నాతో గట్టిగా నిలబడతాడన్న నమ్మకం, నా విలువ తెలుసన్న భావన, ఇలాంటివి. అదీ బంధానికీ బంధానికీ మధ్య కనిపించిన తేడాల్లో సగం లోపే, గరిష్ఠంగా 45 శాతం మాత్రమే వివరించింది, అధ్యయనం చివరికొచ్చేసరికి 18 శాతానికి పడిపోయింది. కాలంతో పాటు బంధం పైకి పోతుందా కిందికి పోతుందా అన్నది అంతమంది పరిశోధకులు, అంత డేటా కలిసి కూడా దాదాపుగా చెప్పలేకపోయారు.

కాబట్టి ఎవరైనా టెస్ట్ అమ్మడానికొస్తే రెండు ప్రశ్నలు అడగండి. మీ సూత్రాన్ని ఒక్క అక్షరం మార్చకుండా కొత్త జంటల మీద పెట్టి చూశారా? "విడిపోతారు" అని మీరు చెప్పినవాళ్లలో నిజంగా విడిపోయింది ఎంతమంది? ఈ రెంటికీ అంకెలతో జవాబు రాకపోతే డబ్బు కట్టకండి.