కెమెరాలోని లైట్ మీటరు గారికి, ఒంగోలు గిత్తల తరఫున

గౌరవనీయులైన లైట్ మీటరు గారికి,

నమస్కారాలు. ఎదుటి వెలుతురు కొలిచి, ఫొటోకు ఎంత వెలుతురు చాలో తేల్చే మీరు నా కెమెరాలో క్షేమమని తలుస్తాను. ఇక్కడ మా బాబాయి ఎడ్లు మాత్రం క్షేమంగా లేవు. నిన్నటిదాకా తెల్లగా ఉండేవి. ఇవాళ ఉదయం ఉండవల్లి కరకట్ట పక్కన మీ దృష్టిలో పడ్డాక బూడిద రంగుకు తిరిగాయి.

సంక్రాంతి బండలాగుడు పోటీలకు ఫ్లెక్సీ వేయించాలి. పళ్లను బట్టి ఎడ్ల వయసు లెక్కగట్టే ఆ పోటీల్లో మాది ఆరు పళ్ల విభాగం. బాబాయి సాయంత్రమే వాటిని షాంపూ పెట్టి కడిగి, కొమ్ములకు నూనె రాసి, తెల్లవారగానే కొట్టంలోంచి తోలుకొచ్చి నిలబెట్టారు. కృష్ణ మీది నుంచి పొగమంచు, అందులోంచి దిగుతున్న పలుచని ఎండ. మంచు తెలుపు, ఎడ్లు తెలుపు. ఇంత తెలుపు లోకంలో ఉండటానికి వీల్లేదని తమరు తీర్పు చెప్పారు.

తమరి సిద్ధాంతం నాకు తెలియనిది కాదు. తమరి ఎదుటికి వచ్చిన ప్రతిదీ, పడిన వెలుతురులో 18 శాతం తిప్పి పంపే మధ్యరకం బూడిద అని తమరి విశ్వాసం. మధ్యాహ్నం బజారులో ఆ విశ్వాసం చెల్లుతుంది. అక్కడ నలుపూ తెలుపూ కలిసి సగటుకు వస్తాయి. ఒంగోలు గిత్త సగటు కాదండీ. 2002 జాతీయ క్రీడలకు చిహ్నంగా నిలిచిన జాతి. బ్రెజిల్ వాళ్లు ఓడల్లో తీసుకెళ్లి, నెల్లూరు పేరు పెట్టుకుని మందలు మందలుగా పెంచుకుంటున్న జాతి. దీన్ని కాపాడటానికి మా గుంటూరు పక్కన లాంలో పరిశోధన స్థానమే ఉంది. గిత్త మెడ మీద, మూపురం మీద బూడిద ఛాయ ఎంత ఉండాలో పుట్టుకతోనే వస్తుంది. మిగతా ఒళ్లంతా పూయమని మిమ్మల్ని ఎవరు అడిగారు?

ఇంతలో పక్కింటి ముర్రా గేదె అడ్డం వచ్చింది. దాని నలుపు చూసి మీకు జాలి కలిగింది కాబోలు, వెలుతురు కుమ్మరించి దాన్నీ బూడిద చేశారు. అదే ఫొటోలో వెనకున్న ఎడ్లు మంచులో కలిసిపోయి కొమ్ములు మాత్రం మిగిలాయి. తెల్ల ఎద్దునూ నల్ల గేదెనూ ఒకే రంగుకు తెచ్చిన సమసమాజ నిర్మాతలు మీరు.

వెలుతురు దిద్దుకునే చక్రాన్ని తెల్లదానికి ప్లస్ వైపు, నల్లదానికి మైనస్ వైపు తిప్పుకోవచ్చు కదా అంటారు. తిప్పాను. ఒకటిన్నర స్టాపు వెలుతురు కలిపేలోపు గేదె ముందుకు వచ్చింది. తగ్గించేలోపు గేదె వెళ్లిపోయింది, ఎద్దు తల విదిలించింది. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే మీ లెక్కను ప్రతిసారీ నేనే దిద్దాలంటే, బ్యాటరీ తింటూ మీరక్కడ కూర్చోవడం దేనికి?

మీ బంధువర్గమూ తక్కువది కాదు. ఆటోఫోకస్ పొగమంచులో ముందుకూ వెనక్కూ వెతికి, చివరికి కంచె తీగను చూసి మురిసిపోయింది. రంగులను తనంతట తనే దిద్దే ఆటో వైట్ బ్యాలెన్స్ ఉదయపు ఎండలోని పసుపంతా కడిగేసింది. ఇక కెమెరా వెనకనున్న తెర! మసక చీకట్లో దేదీప్యమానంగా వెలుగుతూ, అంతా బ్రహ్మాండంగా ఉందని బుకాయించింది.

ఫ్లెక్సీ దుకాణంలో కంప్యూటర్ మీద తెరిచాక నిజం బయటపడింది. "ఎడ్లను కడగలేదా అండీ?" అని అడిగాడు ఆ అబ్బాయి. బాబాయి కాసేపు తెర వైపు చూసి, "ఇవి ఎవరి ఎడ్లురా?" అన్నారు.

విను. ఇక మర్యాదలు అయిపోయాయి. ఏడాదంతా మేపి, దాణాకు అప్పు చేసి, రాత్రిళ్లు లేచి దుప్పటి కప్పి పెంచిన పశువును ఆయన గుర్తుపట్టలేకుండా చేశావు. కళ్లు లేనివాడివి కావు, కళ్లు ఉండీ ముందే తీర్పు రాసుకుని వచ్చేవాడివి. రేపు ఉదయం మళ్లీ అక్కడికే వస్తున్నాం. నిన్ను అడగను. డయల్‌ను ఎం మీద, అంటే లెక్కంతా నా చేతికే వచ్చే మాన్యువల్ మీద పెట్టి, ఎద్దు డొక్క మీద ఎండ చూసి నేనే తేల్చుకుంటాను. నువ్వు తెర అడుగున గీతలు ఊపుకుంటూ ఎక్కువైంది, ఎక్కువైందని మొత్తుకో.

ఇట్లు,
ఆరు పళ్ల జత తరఫున

తా.క.: గేదె యజమానురాలు మాత్రం ఫొటో చాలా బాగుందన్నారు. గేదె కాస్త రంగు తేలిందట. ఒక కాపీ కూడా అడిగారు. దీన్ని పొగడ్తగా తీసుకోవద్దు.