సవరణ: నూరేళ్ల ఆలన్ కార్ల్‌సన్ కథ

నూరో పుట్టినరోజున వృద్ధాశ్రమం కిటికీలోంచి దిగి పారిపోయిన ఆలన్ కార్ల్‌సన్ కథను పరిచయం చేస్తూ, యోనాస్ యోనాసన్ రాసిన ఆ స్వీడిష్ హాస్య నవల 2013లో వెలువడిందని ఇంతకుముందు పేర్కొన్నాను, అది తప్పు. నవల వచ్చింది 2009లో, 2013లో వచ్చింది ఫెలిక్స్ హెర్న్‌గ్రెన్ తీసిన సినిమా.

అంతకంటే నన్ను బాధించిన పొరపాటు, వేడుక ముగిశాక ఆయన వెళ్లిపోయాడని రాయడం. నిజానికి మేయరు, పత్రికవారు రావలసిన ఆ వేడుక ఇంకా మొదలుకాకముందే, బూట్లైనా వేసుకోకుండా, ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే ఆయన మాల్మ్‌షోపింగ్ బస్ స్టేషన్ దారి పట్టాడు. తనకు అక్కర్లేని సన్మానాన్ని తప్పించుకోవడంలోనే ఆ హాస్యమంతా ఉంది కనుక, నా వాక్యం కథ ఆయువుపట్టునే దెబ్బతీసింది. స్టేషన్లో ఆయన చేతికి చిక్కిన పెట్టెలో ఐదు కోట్ల క్రోనార్లు ఉన్నాయన్న వివరం మాత్రం సరైనదే.