అన్నిటికీ ‘3’ వేస్తే మార్కులొస్తాయా?

సహోద్యోగి చేసిన తప్పు మీ కంటపడింది. అతనికే చెబుతారా, పైఅధికారికి చెబుతారా, ఊరుకుంటారా? ఉద్యోగ ఎంపికల్లో వాడే సిచ్యుయేషనల్ జడ్జ్‌మెంట్ టెస్టులో ప్రశ్నలు ఇలాగే ఉంటాయి. ప్రశ్న రాయడం ఒక ఎత్తు, మార్కులు వేయడం ఇంకో ఎత్తు. లెక్కల పరీక్షలోలా ఇక్కడ జవాబు తనంతట తాను తేలదు. ఎవరో కూర్చుని తేల్చాలి.

మామూలుగా ఆ పని అనుభవజ్ఞుల ప్యానెల్‌ది. ప్రతి జవాబుకూ 1 నుంచి 5 దాకా రేటింగ్ ఇస్తారు. వాళ్ల సగటే కీ, అంటే సరైన జవాబుగా తీసుకునే అంకె. అభ్యర్థి వేసిన రేటింగ్ ఆ సగటుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచి స్కోరు. ఇది చాలా చోట్ల వాడే పద్ధతే. వినడానికి న్యాయంగానే ఉంది.

ఒకసారి లెక్క వేసి చూడండి. రెండు జవాబులకు ప్యానెల్ సగటు 3.8, 2.2 అనుకుందాం. ఏది మంచిదో ఏది కాదో బాగా తెలిసిన ఒకామె 5, 1 వేసింది. రెండు చోట్లా 1.2 తేడా, మొత్తం 2.4. ప్రశ్న చదవకుండానే రెండిటికీ 3 కొట్టినవాడికి తేడా 1.6 మాత్రమే. గెలుపు అతనిదే! ఇది కాగితం మీది భయం కాదు. కొసలకు పోకుండా రేటింగ్ ఇస్తే చాలు, ఒక టెస్టులో స్కోరు ఒక ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కంటే ఎక్కువే పెరుగుతుందని పరిశోధకులు కల్లెన్, సాకెట్, లీవెన్స్ 2006లో చూపించారు.

కిటుకు పనిచేయడానికి కారణం కీలోనే ఉంది. సగం మంది నిపుణులు 5, సగం మంది 1 అంటే సగటు 3. అది వాళ్లలో ఒక్కరి అభిప్రాయమూ కాదు. నిపుణులే తేల్చుకోలేని ప్రశ్నను పక్కన పడేయడమే మంచిదని నా ఉద్దేశం. ఖర్చుపెట్టి రాయించిన ప్రశ్నను వదులుకోవడానికి ఎవరికీ మనసొప్పదు, అది వేరే సంగతి.

మెక్‌డేనియల్ అనే పరిశోధకుడి బృందం 2011లో మరో దారి చూపింది. ప్రతి అభ్యర్థి రేటింగుల నుంచి అతని సొంత సగటు తీసేసి, అతని సొంత ప్రామాణిక విచలనంతో భాగిస్తారు. ఎవరు స్కేలును ఎలా వాడారన్నది పోయి, దేన్ని దేనికంటే మెరుగన్నారన్నదే మిగులుతుంది. దీంతో ఉద్యోగంలో పనితీరును అంచనా వేసే శక్తి టెస్టుకు పెరిగింది. అమెరికాలో నల్లజాతి, శ్వేతజాతి అభ్యర్థుల సగటు స్కోర్ల మధ్య తేడా కూడా తగ్గింది.

నేనైతే ఈ సవరణ వైపే. చిక్కు లేకపోలేదు. మీ స్కోరు ఎలా వచ్చిందని అభ్యర్థికి చెప్పడం కష్టం. ఇక అన్నిటికీ 3 వేసినవాడి విచలనం సున్నా. సున్నాతో భాగించలేం కాబట్టి అతనికి అసలు స్కోరే రాదు.