అయస్కాంత పటంలో ఖాళీని ఖాళీగానే చూపాలి

భూ అయస్కాంత క్షేత్రం బలం ఉపరితలంపై చోటును బట్టి సుమారు 25 వేల నుంచి 65 వేల నానోటెస్లాల దాకా ఉంటుంది. అందులో సింహభాగం ద్రవరూపంలో ఉన్న బాహ్య కేంద్రకంలో పుట్టేదే. దాన్ని తీసేశాక మిగిలేది పైపొర రాళ్లలోని మాగ్నటైట్ వంటి ఖనిజాల ప్రభావం. చాలాచోట్ల అది వందల నానోటెస్లాలకు మించదు. ఆ కొసరే నేల లోపలి కథ చెబుతుంది. రష్యాలోని కుర్స్క్ దగ్గర దిక్సూచి తడబడుతోందని 18వ శతాబ్దంలోనే గమనించారు. 1923లో అక్కడ వేసిన బోరులో ఇనుప ఖనిజం తగిలింది.

రాళ్ల వల్ల వచ్చే ఈ తేడాల (అసాధారణతల) ప్రపంచ పటం ఒకే కొలత నుంచి రాదు. తక్కువ ఎత్తులో ఎగిరే విమానం సన్నని డైకులను (రాళ్ల పగుళ్లలో గోడల్లా గట్టిపడిన శిలలను) సైతం పట్టుకుంటుంది. కానీ వేర్వేరు ఏళ్లలో చేసిన సర్వేలను అతికినప్పుడు వందల కిలోమీటర్ల మేర విస్తరించే మార్పులు చెదిరిపోతాయి. ఐరోపా 2013లో పంపిన స్వార్మ్ ఉపగ్రహాలు ఆ విస్తృత మార్పులను చక్కగా చూస్తాయి, సన్నని వివరాలు మాత్రం అంత ఎత్తుకు అందవు.

అసలు చిక్కు ఏ కొలతా లేని చోట. 2009లో వచ్చిన ఈమ్యాగ్2 అనే ప్రపంచ పటం సముద్రాల్లోని ఖాళీలను, ఒకే వయసున్న అడుగు నేల సాగే దిశను బట్టి ఊహించి పూరించింది. సముద్రపు నేలలోని అయస్కాంత చారలు పటంలో అందంగా కుదిరాయి. అయితే ఆ చారలనే చూపి సముద్రపు నేల వయసును ఎవరైనా నిర్ధారిస్తే? ఊహే సాక్ష్యమైపోతుంది. 2017 నాటి మూడో కూర్పు ఆ పద్ధతిని వదిలేసింది. పటం అందం తగ్గింది, నమ్మకం పెరిగింది. నా దృష్టిలో అది సరైన నిర్ణయం.

మన దేశంలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2017లో జాతీయ వైమానిక సర్వే చేపట్టింది. ఇక్కడ మరో మెలిక ఉంది. దక్షిణ భారతం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గర. ఇక్కడ క్షేత్రం దాదాపు అడ్డంగా ఉండటం వల్ల అయస్కాంత శిల ఉన్నచోట విలువ పెరగడానికి బదులు తరచూ తగ్గుతుంది. పటంలో ఎక్కువ విలువను చూపే ఎరుపు మచ్చ కింద ఖనిజం ఉంటుందనుకుంటే బోరు తప్పుచోట పడుతుంది. శిల నెత్తిన మచ్చ పడేలా సరిదిద్దే గణితం సైతం ఈ అక్షాంశాల్లో నిలకడగా ఉండదు. నిజానికి లేని చారలను ఉత్తర-దక్షిణ దిశలో పుట్టిస్తుంది. కాబట్టి రంగుల పటం ఒక్కటే ఇస్తే చాలదు. విమానం వెళ్లిన గీతలు, ఎత్తు, దిద్దుబాట్లకు ముందున్న రీడింగులు కూడా ఉస్మానియాలోనో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో చదివే విద్యార్థికి అందాలి. అప్పుడే ఒకరి గణనను మరొకరు సరిచూడగలరు.