తీగ తరఫున ఒక విన్నపం

ఆఫీసులో సర్వర్ మొరాయించినా, ప్రాజెక్టు ప్లాను అడ్డం తిరిగినా, మేనేజరు గారికి తిక్క రేగినా ఇప్పుడు ఒకటే మాట: 'హేవైర్ అయిపోయింది'. ఇంగ్లీషులో 'హే' అంటే ఎండుగడ్డి, 'వైర్' అంటే తీగ; అంటే గడ్డిమోపు కట్టే తీగన్నమాట. నోరులేని ఒక ఇనుప తీగ మీద ఇంత అభాండం తగదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో ఎండుగడ్డిని యంత్రాలతో మోపులుగా నొక్కి సన్నటి తీగతో బిగించేవాళ్లు. అడవుల్లో కలప కొట్టే శిబిరాలకు గుర్రాల మేతగా ఆ మోపులు వెళ్లేవి. గడ్డి గుర్రాలు తినేవి, తీగ మిగిలేది. ఊరికే వచ్చినదాన్ని ఎవరు పారేస్తారు? గొడ్డలి పిడి చీలితే తీగ, పొయ్యి గొట్టం ఊడితే తీగ, గొలుసు తెగితే తీగ. కొత్త గొలుసు తెప్పించమని కూలీలు అడిగితే యజమాని ఏమనేవాడో మనకు తెలియనిదా? 'ఈ సీజనుకు కానిచ్చేయండి.'

1905లో అమెరికా అటవీ విభాగం అచ్చువేసిన కలప పని పదాల జాబితాలో ఈ తీగ పేరు ఎక్కింది. నాసిరకం సరంజామాతో నెట్టుకొచ్చేవాళ్లను ఎగతాళి చేసే మాటట. అంటే అప్పటికింకా తిట్టు మనిషికే తగిలేది! ఓ పాతికేళ్లు గడిచేసరికి చెడిన యంత్రానికీ, మతి చెదిరిన మనిషికీ అదే మాట వాడేశారు. యజమాని మెల్లగా జారుకున్నాడు, తీగ దొరికిపోయింది.

ఈ విద్య మనకూ కొత్తేం కాదు. 'అదుపు తప్పి బస్సు బోల్తా' అని రోజూ పేపర్లో చదువుతాం. అరిగిన టైర్లు, నిద్రలేని డ్రైవరు, పూడ్చని గుంత, వీళ్లెవరికీ హెడ్డింగులో చోటుండదు. చేసిందంతా బస్సే.

మా అపార్టుమెంటులో మోటారు స్టార్టర్ బాక్సుకు గడియ విరిగి చాలాకాలమైంది. బైండింగ్ వైరుతో నాలుగు చుట్లు చుట్టి ఉంచారు. తీగ తుప్పు పట్టి, కింద గోడ మీదకు ఎర్రటి చార దిగింది. సెక్రటరీ గారిని అడిగితే 'టెంపరరీయే సార్' అన్నారు. మొన్న నీళ్లు రాకపోతే మాత్రం వాట్సాప్ గ్రూపులో ఆయనే పెట్టారు: 'మోటార్ హేవైర్. దయచేసి సహకరించండి.'

కాబట్టి నా విన్నపం చిన్నది. ఇకపై ఏది హేవైర్ అయినా, రిపోర్టులో రెండు గడులు తప్పనిసరి చేయాలి. ఒకటి, తీగ కట్టిందెవరు? రెండు, కొత్త పార్టు అడిగితే వద్దన్నదెవరు? మొదటి గడి ప్లంబరు పేరుతో అప్పుడే నిండిపోయింది. రెండోది నింపాలంటే కమిటీ తీర్మానం కావాలట. కమిటీ సమావేశం వాయిదా పడింది, నీళ్లు లేక.